తీసుకెళ్ళడానికి ఇరవై రెండు నిమిషాలు

ఫిబ్రవరి 3

పిట్టకి,

మావయ్య దీవెనలు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నా ఎడమ చెవి తప్ప. అది నేను అచ్చు ప్రెస్సులో పనిచేస్తుండగానే పోయింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నీ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపించింది. అత్తయ్య పక్కన నిలబడి నువ్వన్నవన్నీ మళ్ళీ అరిచి చెప్పింది. అయినా నువ్వు "హెడ్డాఫీసు" అన్నది నాకు "హెడ్డేకు" అని వినపడి, పిల్ల పరాయి ఊళ్ళో తలనొప్పితో పడుందని రెండు రోజులు దిగులుపడ్డాను. అందుకే ఈ ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి. కాగితం మీద మాట ఏ చెవికైనా ఒకేలా చేరుతుంది.

నేను పనిచేసే షాపు వాళ్ళ హెడ్డాఫీసులోనే నీకు ఉద్యోగం వచ్చిందని తెలిశాక నా కాలు నేల మీద ఆనడం లేదు. మేనేజరుకి చెప్పాను. ఆయన "ఓహో" అన్నాడు. ఆయన ఎవరితోనైనా అంతకంటే ఎక్కువ మాట్లాడగా నేను చూడలేదు.

నా పనేమిటని అడిగావట కదా. మా షాపులోకి వచ్చి, గిన్నెలు దాటి, పరుపులు దాటి, దీపాలు కూడా దాటాక, ఇక ఇక్కడేమీ లేదు వెనక్కి పోదాం అనిపించే చోట ఒక కిటికీ ఉంటుంది. దాని వెనక నేనుంటాను. జనం ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆర్డరు పెట్టుకుంటారు. రెండో రోజుకి అది నా వెనక అరల్లోకి వస్తుంది. వాళ్ళు వచ్చి నంబరు చూపిస్తారు, నేను తీసిస్తాను. చూపించే నంబరుకి చెవితో పని లేదు. అందుకే ప్రెస్సు మూతపడ్డాక ఆరేళ్ళుగా ఈ ఉద్యోగం నిలిచింది.

ఇంటికే తెప్పించుకోవచ్చు కదా అంటావు. అందరికీ కుదరదు. మెట్ల వీధి నుంచి ఒక నర్సమ్మ వస్తుంది. మంచంలో ఉన్న తల్లికి పెద్దవాళ్ళు కట్టుకునే డైపర్లు తీసుకెళ్తుంది. ఇంటికి పంపిస్తే కింది వాటా వాళ్ళ చేతికి ఇచ్చిపోతారని, వీధంతా తెలిస్తే అమ్మ తట్టుకోలేదని, డ్యూటీ దిగి ఇటే వస్తుంది. నేను నల్ల కవరులో పెట్టి ఉంచుతాను. ఇంకొకాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. వారం వారం ఏదో ఒకటి తెప్పించి, నా కళ్ళ ముందే విప్పి, వంక పెట్టి, సగం సార్లు వెనక్కిచ్చేస్తాడు. ఆయనకి కావలసింది వస్తువు కాదని నాకెప్పుడో అర్థమైంది. నా కుడి చెవి వైపు ఎప్పుడూ మర్చిపోకుండా నిలబడేది ఆయనొక్కడే.

వేళకి తిను.

మీ మావయ్య

ఫిబ్రవరి 15

మావయ్యా,

నా తల నిక్షేపంగా ఉంది. నువ్వు బెంగపడ్డావంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మా ఆఫీసు ఏడో అంతస్తులో. కిటికీలన్నీ అద్దాలే గానీ ఒక్కటీ తెరుచుకోదు. మా పైఅధికారిని అందరూ పెద్దావిడ అంటారు, వయసేమీ పెద్దది కాదు. నవ్వుతూ పని చెప్తుంది, నవ్వుతూనే ఎప్పటికివ్వాలో చెప్తుంది.

నాకిచ్చిన మొదటి పనే నీ కిటికీ గురించి. ఆన్‌లైన్‌లో కొన్నది షాపుకి వచ్చి తీసుకెళ్ళేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేయాలా వద్దా అని తేల్చాలట. సగం మంది చేయాలంటున్నారు. అరలకి అద్దె ఉంది, మనిషికి జీతం ఉంది, ఊరికే ఎలా అని. మిగతా సగం, వచ్చినవాళ్ళు పోతూ పోతూ ఇంకేదైనా కొంటారు, రావడమే లాభం అంటున్నారు. నేను వద్దనే పక్షం. నర్సమ్మ గురించి చదివాక మరీనూ.

కానీ ఇక్కడ జాలికి విలువ లేదు, అంకె కావాలి. ఒక్కో మనిషికి నీకెంత సేపు పడుతుంది, వాళ్ళేం చేస్తారు, పోతూ ఏం కొంటారు, అన్నీ రాయి. ఎంత వివరంగా రాస్తే నీ కిటికీకి అంత బలం.

అత్తయ్యకి నమస్కారాలు.

నీ పిట్ట

ఫిబ్రవరి 24

పిట్టా,

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. తీసుకెళ్ళినందుకు కూడా డబ్బు తీసుకుంటారా అని నోరెళ్ళబెట్టింది. ఇంటికి తెచ్చివ్వడం ఉచితమే, దానికి అడిగారంటే అర్థముంది. బండి ఉంది, పెట్రోలుంది. వాళ్ళంతట వాళ్ళు ఎండలో నడిచొచ్చి మోసుకుపోతుంటే ఎదురు డబ్బడగడం, ఇంటికొచ్చిన చుట్టాన్ని చెప్పులు విప్పిన చోటుకి అద్దె కట్టమన్నట్టుంది. ఈ వాక్యం మీ పెద్దావిడకి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

ఇక నిమిషాలు. గడియారం నా నెత్తిమీదే ఉంది. వారం రోజులు చూసి రాస్తున్నాను. డ్రాయింగు మాస్టారికి ఇరవై రెండు. నర్సమ్మకి ఆరు, ఎందుకంటే కవరు మార్చాలి, ఎవరైనా వెనకున్నారేమో చూడాలి. మిక్సీ కొన్నవాళ్ళకి మూత ఎలా బిగించాలో చూపించాలి. పెట్టె విప్పి చూస్తామంటారు, చూశాక మళ్ళీ టేపు వేయాలి. మొత్తం మీద మనిషికి తొమ్మిది నిమిషాలని వేసుకో. ఇందులో నేను చేతులు కట్టుకుని నిలబడే నిమిషం ఒక్కటి కూడా లేదు. అది తప్పకుండా చెప్పు.

పోతూ ఏం కొంటారంటావా, నాకు కనిపించేది వాళ్ళ వీపులే.

మీ మావయ్య

మార్చి 12

మావయ్యా,

నువ్వు ఏడో అంతస్తులో గొప్పవాడివైపోయావు. మీటింగులో నీ ఉత్తరం చదివాను. చెప్పుల అద్దె దగ్గర అందరూ నవ్వారు, మంచి నవ్వే. మాస్టారు, నల్ల కవరు, మిక్సీ మూత, అన్నీ విన్నారు. పెద్దావిడ ఉత్తరం జిరాక్సు తీయించుకుంది. ఇంత సూటిగా లోపలి సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదంది.

నిమిషాలు మొదటి పేజీలో పట్టికగా వేశాను. రుసుము వద్దని చివరి పేజీలో రాశాను. ఇక వాళ్ళిష్టం.

నీ పిట్ట

మార్చి 28

పిట్టా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. మేనేజరుకి చూపిస్తే ఈసారి "ఓహో, అలాగా" అన్నాడు. ఒక మాట పెరిగింది.

అయితే ఒక పొరపాటు జరిగింది, వెంటనే సరిచేయించాలి. నిన్న నా కిటికీకి ఒక బోర్డు తగిలించారు. ఒకటో తారీకు నుంచి తీసుకెళ్ళే ప్రతి ప్యాకెట్టుకీ రుసుమట. ఒక బస్సు టికెట్టంత. నువ్వు వద్దని రాశాక కూడా ఈ బోర్డు ఎలా వచ్చింది? మీ ఆఫీసులో ఒకరు చేసేది ఇంకొకరికి తెలియదనుకుంటాను. పెద్దావిడకి నా ఉత్తరమంటే గౌరవం కాబట్టి నువ్వొక్క ముక్క అంటే చాలు.

అడిగినవాళ్ళందరికీ కంగారుపడొద్దని చెప్పాను. మా మేనకోడలు హెడ్డాఫీసులోనే ఉంది, వారంలో బోర్డు దిగిపోతుందన్నాను. మాస్టారయితే, "మీ మేనకోడలిది అంత పెద్ద ఉద్యోగమా?" అని అడిగాడు. అవునన్నాను.

మీ మావయ్య

ఏప్రిల్ 4

మావయ్యా,

బోర్డు పొరపాటు కాదు, పైనుంచి వచ్చిందే. మాట్లాడుతున్నాను. అంతవరకూ దయచేసి ఎవరికీ మాటివ్వకు. నేను చేరి ఇంకా మూడు నెలలు కాలేదు, నా మాట మీద బోర్డులు దిగవు.

ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ తొమ్మిది నిమిషాలు సరిగ్గా చూసే రాశావా? ఇక్కడ చాలా విషయాలు దాని మీదే నిలబడి ఉన్నాయి.

నీ పిట్ట

ఏప్రిల్ 24

పిట్టకి,

నీ ఉత్తరం చదివి వారం రోజులు కలం పట్టుకోలేదు. ఇరవై ఆరేళ్ళు ప్రూఫు దిద్దినవాణ్ణి. ఒక్క కామా తప్పిపోనివ్వలేదని ఓనరే నలుగురిలో అన్నాడు. ఎత్తుకు పెంచిన పిల్ల ఇవాళ నన్ను సరిగ్గా చూసే రాశావా అని అడుగుతోంది. సరిగ్గానే చూశాను. తొమ్మిదే.

ఇక్కడి సంగతులు. నర్సమ్మ మొదటిసారి రెండు ప్యాకెట్లకి రెండు రుసుములు కట్టి వెళ్ళింది. ఆమె రెండు బస్సులు మారి ఇంటికి పోవాలి. రెండోసారి ఆర్డరు ఇంటికే పెట్టేసింది, అది ఉచితం కదా. వాళ్ళు తెచ్చి కింద కుళాయి దగ్గర పెట్టి పోయారట. పెట్టె మీద బొమ్మతో సహా. నీళ్ళకొచ్చిన వాళ్ళంతా చూశారు. ఆమె ఈ సంగతి నాకు చెప్పడానికే వచ్చింది, తీసుకోవడానికి ఏమీ లేకపోయినా. "మా అమ్మ కిటికీ తలుపు మూసేయమంది అంకుల్," అంది. "ఎండ రావడానికి ఆ గదికి ఉన్నది అదొక్కటే." నేనేం చెప్పాలి? నాది ఉద్యోగం, బోర్డు నాది కాదు అన్నాను. అది నిజమే. కానీ నిజం చెప్పినట్టు అనిపించలేదు.

మాస్టారి విషయం ఇంకా ఘోరం. ఆయనకిచ్చిన మాట పోయింది కదా అని, రెండు వారాలు ఆయన రుసుము నేనే నా జేబులోంచి కట్టేశాను. మీకు మినహాయింపు ఇచ్చారని చెప్పాను. మూడో వారం బిల్లు మీద రుసుము కట్టినట్టుండడం ఆయన చూశాడు. తెచ్చుకున్న రంగుల పెట్టె కిటికీలోనే వదిలేసి, "నేను వచ్చింది మీ దగ్గరికనుకున్నాను. మీరు నన్ను ముష్టివాణ్ణి అనుకున్నారు," అన్నాడు. అరవలేదు. నా కుడి చెవి దగ్గరకి వంగి, స్పష్టంగా వినపడేలా అన్నాడు.

ఆ తర్వాత రాలేదు. వారంలో తీసుకెళ్ళకపోతే ప్యాకెట్టు వెనక్కి పోవాలని నియమం. ఆయన పెట్టెని కింది అరలో మిగతా వాటి వెనక దాచాను. కొనేవాళ్ళ రుసుము ఉద్యోగులు కట్టకూడదని మేనేజరు నాకు కాగితం ఇచ్చాడు. ఈసారి "ఓహో" కూడా అనలేదు.

మీ పెద్దావిడతో మాట్లాడావా లేదా?

మావయ్య

మే 2

మావయ్యా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను.

రుసుము నీ ఉత్తరం వల్లే వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే, నీ ఉత్తరాన్ని నేను పట్టిక చేయడం వల్ల. చివరి పేజీలో నేను రాసింది ఎవరూ చదవలేదు. మొదటి పేజీలో తొమ్మిది నిమిషాలుంది. ఒక ప్యాకెట్టుకి మనిషి తొమ్మిది నిమిషాలు పడితే, ఆ ఖర్చు ఎవరు కడతారన్నారు. నువ్వు పనిచేస్తున్నావని చూపించాలనుకున్నాను. నువ్వు ఖరీదని చూపించాను. మార్చిలోనే నాకు తెలుసు. నువ్వు నా ఉత్తరం జేబులో పెట్టుకు తిరుగుతున్నావని రాశావు, ఇక చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఇంకో సంగతి. రుసుము మీద ఫిర్యాదులు చాలా వచ్చాయి, తీసేస్తారు. నువ్వడిగిందే జరుగుతోంది. కానీ కిటికీలు కూడా తీసేస్తారు. ఆ చోట ఇనప లాకర్లు పెడతారు. ఫోన్‌కి నంబరు వస్తుంది, నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. జూన్‌లో మొదలుపెట్టే షాపుల్లో మీది ఉంది.

నీకు ఇంకో పని చూడమని అడిగాను. అడిగింది మా మావయ్య కోసమని కూడా చెప్పాను. వెంటనే ఒప్పుకున్నారు, ఎంతో ఆదరంగా. ఫోన్‌లో ఫిర్యాదులు వినే పని ఇస్తామన్నారు. నీ చెవి సంగతి చెప్పాను. అయ్యో అన్నారు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

నన్ను తిట్టు. తిట్టి అయినా ఉత్తరం రాయి.

పిట్ట

మే 9

పిట్టా,

తిట్టడానికి నాకు నోరెక్కడిది?

తొమ్మిది అబద్ధం. నువ్వు ఏప్రిల్‌లో అడిగినప్పుడే దొరికిపోయాననుకున్నాను, అందుకే అంత కోపం చూపించాను. నర్సమ్మకి అర నిమిషం కూడా పట్టదు, కవరు ముందే కట్టి ఉంచుతాను. మిక్సీ మూత ఆరేళ్ళలో ఇద్దరికి చూపించి ఉంటాను. చాలామంది నంబరు చూపించి, తీసుకుని, నా మొహం కూడా చూడకుండా పోతారు. మనిషికి రెండు నిమిషాలు వేస్తే ఎక్కువ. మిగతా సమయం కూర్చునే ఉంటాను. ఆ మాట పెద్దాఫీసుకి ఎలా రాయమంటావు? ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తున్నాం అనుకుంటారని భయపడ్డాను. నువ్వు కూడా అనుకుంటావని ఇంకా భయపడ్డాను. నేను రాసిన వాటిల్లో నిజమైనది మాస్టారి ఇరవై రెండు నిమిషాలొక్కటే.

ఇప్పటికైనా మించిపోలేదు. రెండు నిమిషాలే అని పెద్దావిడకి చెప్పు. మా మావయ్య ముసలాయన, తప్పు లెక్క రాశాడని చెప్పు. ఖర్చు అంత లేదని తెలిస్తే లాకర్లు ఎందుకంటారు కదా. నా పరువు సంగతి చూడకు.

మీ మావయ్య

మే 20

మావయ్యా,

చెప్పాను. నీ పరువు తీయకుండా, తప్పు నాదేనని చెప్పాను.

పెద్దావిడ మొత్తం విన్నది. పట్టిక మళ్ళీ తెప్పించి తొమ్మిది కొట్టేసి రెండు వేసింది. "రెండు నిమిషాల పనేనా? అయితే దీనికి మనిషెందుకు?" అంది. ఎగతాళిగా కాదు మావయ్యా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. నర్సమ్మ గురించి చెప్పబోయాను, నల్ల కవరు ఖర్చు ఎవరిదని పక్కనున్నాయన అడిగాడు.

ఎక్కువ నిమిషాలంటే నువ్వు ఖరీదు, తక్కువ నిమిషాలంటే నువ్వు అక్కర్లేదు. ఏ అంకె చెప్తే నువ్వు మిగులుతావో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

ఉద్యోగం మానేద్దామనిపిస్తోంది. మానేస్తే నీకేమైనా ఒరుగుతుందా అంటే అదీ లేదు.

నీ పిట్ట

జూన్ 14

పిట్టకి,

ముందుగా, ఉద్యోగం మానకు. మన ఇంట్లో ఒకేసారి ఇద్దరం ఖాళీగా కూర్చుంటే అత్తయ్య ఎవరి మీద సణగాలో తేల్చుకోలేక సతమతమవుతుంది. ఆవిడ నిన్నేమీ అనలేదు. "పిల్ల ఏం చేస్తుంది, నువ్వు కోతలు కోస్తే," అంది. నిజమే.

కిటికీ తీసేసేముందు అరలు ఖాళీ చేయమన్నారు. మాస్టారి రంగుల పెట్టె బయటపడింది. వెనక్కి పంపాలి, పంపలేదు. బిల్లు మీద అడ్రసుంటే పట్టుకుని వెళ్ళాను. మూడో అంతస్తు. తలుపు సగం తీసి, సగం తలుపులోనే నిలబడ్డాడు. లోపల గోడంతా పెట్టెలు పేర్చి ఉన్నాయి, అన్నీ మా షాపువే, సగం వాటికి నేను మళ్ళీ వేసిన టేపు కూడా తీయలేదు. నేనేదో చెప్పబోయాను. ఆయన నా ఎడమ చెవి వైపు నిలబడి ఏదో అన్నాడు, వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగడానికి మొహం చెల్లలేదు. పెట్టె తీసుకుని, జేబులోంచి రుసుము తీసి నా చేతిలో పెట్టాడు. మూడు వారాలదీ ఇచ్చాడు. తీసుకోకపోతే ఆయనకి మళ్ళీ అవమానం, తీసుకుంటే నాకు అవమానం. తీసుకున్నాను. తలుపు మెల్లగానే వేశాడు. ఆయనేమన్నాడో ఇప్పటికీ తెలియదు. రోజూ ఒక్కో రకంగా ఊహించుకుంటున్నాను.

రుసుము బోర్డు దిగింది, లాకర్లు వచ్చాయి. ఆకుపచ్చ రంగు, నలభై తలుపులు. జనానికి అలవాటయ్యే దాకా రెండు వారాలు పక్కన నిలబడి నేర్పించమన్నారు. నాకు నేర్పడం బాగానే వచ్చు. ఇక్కడ నొక్కండి, ఇప్పుడు నంబరు, తలుపు అదే తెరుచుకుంటుంది. నాలుగో రోజుకి నన్నడిగేవాళ్ళు తగ్గారు. వారానికి ఎవరూ లేరు.

మొన్న నర్సమ్మ వచ్చింది. నేను ముందుకెళ్ళేలోపే నంబరు నొక్కేసింది, తనే సంచిలో పెట్టేసుకుంది. మొత్తం పది సెకన్లు. నన్ను చూసి నవ్వి, "ఇదే బాగుంది అంకుల్," అంది. "ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఇన్నాళ్ళూ మీ ఎదుట తీసుకోవాలంటే కూడా సిగ్గుగానే ఉండేది." మనసులో ఏమీ పెట్టుకోకుండా అంది. వాళ్ళమ్మ గదిలో కిటికీ తెరిచారా అని అడగాలనుకున్నాను. అప్పటికే దీపాల వరుస దాకా వెళ్ళిపోయింది.

ఆరేళ్ళు నల్ల కవర్లు కట్టాను పిట్టా. అవి ఆమె కోసమేననుకున్నాను.

రెండు వారాలూ నిన్నటితో అయిపోయాయి. సోమవారం నుంచి ఎక్కడ నిలబడాలని మేనేజరుని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. సాయంత్రం దాకా చూశాను, చెప్పలేదు. రావద్దని కూడా అనలేదు. అందుకని సోమవారం తొమ్మిదింటికి మామూలుగానే వెళ్తాను. చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమని అత్తయ్యకి చెప్పాను.

నువ్వు వేళకి తిను, పడుకో. నా కోసం ఇక ఎవరినీ ఏమీ అడగకు.

మీ మావయ్య